నాయన అంబాసిడర్‌కు సరైన ఆయిల్ ఫిల్టర్ దొరికేదాకా

ఇంజిన్ పని చేయించి 800 కిలోమీటర్లు తిరిగాక మా అంబాసిడర్‌కు మొదటిసారి ఆయిల్ మార్చాను. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్టు విప్పితే ఆయిల్ నల్లగా కారింది. తట్టను ఎండలోకి వంచి చూస్తే అడుగున వెండి పొడి చల్లినట్టు సన్నటి మెరుపు కనబడింది. కొత్త రింగులు, కొత్త బేరింగులు సర్దుకునేటప్పుడు మొదట్లో కొంచెం లోహం అరగడం మామూలే కాబట్టి దానికి కంగారు పడలేదు. తర్వాత ఫిల్టర్ కప్పు దించి లోపల ఆయిల్‌ను వడగట్టే కాగితం ఎలిమెంటు బయటికి తీశాను. ఇన్ని రోజుల మురికిని పట్టుకుని ఉండాల్సిన ఆ కాగితం మడతలు దాదాపు కొత్తవాటిలాగే ఉన్నాయి. వాటికి ఆయిల్ తడి అంటింది గానీ మడతల సందుల్లో మసి లేదు, మెరుపు లేదు. మురికంతా చాంబర్‌లో ఉంది. ఆయిల్ ఈ కాగితంలోంచి పోవడం లేదని, దాన్ని తప్పించుకుని వేరే దారిన పోతోందని అర్థమై ఆ పూట నాకు అన్నం సయించలేదు.

బండి 1986 మోడల్, మార్క్ 4, పెట్రోలు. నాయన చెనక్కాయల వ్యాపారంలో ఉన్నప్పుడు కొన్నాడు. కూడేరు పక్కన మా ఊరి నుంచి అనంతపురం, ఉరవకొండ, గుంతకల్లు, అప్పుడప్పుడు బళ్లారి దాకా దాంట్లోనే తిరిగేవాడు. డ్యాష్‌బోర్డు గూట్లో ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉండేది. ఎన్ని కిలోమీటర్లకు ఆయిల్ మార్చిందీ, టైర్లు ఎప్పుడు వేసిందీ అందులో పెన్సిల్‌తో రాసుకునేవాడు. ఆయన పోయాక బండి ఆరేళ్లు రేకుల కొట్టంలో నిలబడిపోయింది. అమ్మ దాన్ని అమ్మనీయలేదు, నాకూ అమ్మాలని లేదు. పోయినేడు ఇంజిన్ దించి ఒక షెడ్డులో పని చేయించాను. బోరు, పిస్టన్లు, రింగులు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగు, బేరింగులు అన్నీ అయ్యేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది. ఇప్పుడు ఆ కొత్త బేరింగుల మీదికే మురికి ఆయిల్ పోతోందంటే ఎట్లా ఉంటుందో ఊహించండి.

ఆరోజే నాయనకు ఎప్పుడూ పని చేసిపెట్టిన ముసలి మేస్త్రి దగ్గరికి పోయాను. వయసు మీదపడి ఆయన షెడ్డు మూసేశాడు, ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఇంజిన్ పనికి ఆయన దగ్గరికి పోకపోవడానికి కారణం అదే. నేను చిన్నప్పటి నుంచి ఆయన్ను మామా అనే పిలుస్తాను. కప్పు, బోల్టు, ఎలిమెంటు సంచిలో వేసుకునిపోయి ముందర పెట్టాను. కప్పులోకి చెయ్యిపెట్టి అడుగు తడిమి చూశాడు.

"ఇదేంది అల్లుడూ, దీంట్లో స్ప్రింగు యాడ? ప్లేటు యాడ?"

"షెడ్డు వాళ్లు ఇట్లనే ఇచ్చినారు మామా."

"ఉత్త బోల్టు మింద కూర్చోబెట్నారు దీన్ని. కింద ఎత్తిపట్టేది ఏమీ లేకపోతే ఎలిమెంటు కప్పులో పడుకుంటాది. పైన సందు. ఆయిలు ఆ సందులో నుంచి సల్లగా పోతాది, కాయితంలో ఎందుకు దూరుతాది?"

ఇప్పటి కార్లకు ఫిల్టర్ అంటే ఒక రేకు డబ్బా. తిప్పి తీసేస్తాం, కొత్తది తిప్పి బిగిస్తాం. మా బండిది ఆ రకం కాదు. ఇంజిన్‌కు కుడిపక్క ఒక ఇనుప కప్పు వేలాడుతుంది. దాని మధ్యలోంచి పొడుగాటి బోల్టు పైకి పోయి, ఇంజిన్‌కు అంటి ఉండే ఫిల్టర్ హెడ్‌లో బిగుస్తుంది. కప్పు అడుగున స్ప్రింగు, దాని మీద ఒక ప్లేటు, ప్లేటు మీద ఫెల్ట్ వాచరు, ఆపైన ఎలిమెంటు. కప్పు అంచుకు, హెడ్‌కు మధ్య గాడిలో ఒక రబ్బరు రింగు. పంపు తోసిన ఆయిల్ ఎలిమెంటు బయటివైపు నిండి, కాగితంలోంచి లోపలికి దిగి, మధ్య గొట్టం గుండా బేరింగులకు పోతుంది. స్ప్రింగు ఎలిమెంటును పైకి నొక్కిపట్టి ఉంచితేనే రెండు కొసలూ మూసుకుంటాయి. ఆ రెండు మూతల్లో ఏ ఒక్కటి వదులైనా మురికి ఆయిల్, శుభ్రమైన ఆయిల్ ఒకటైపోతాయి.

ఇంకో సంగతి నన్ను బాగా బాధపెట్టింది. ఇంజిన్ పని అయ్యాక డ్యాష్‌బోర్డు కింద విడిగా ఒక ప్రెషర్ గేజు పెట్టించుకున్నాను. వేడి మీద నడుస్తుంటే 50 పీఎస్‌ఐ చుట్టుపక్కల, ఐడ్లింగ్‌లో 15 పైన చూపిస్తూ ఉండేది. ఆ ముల్లు చూసుకుని 800 కిలోమీటర్లు నిశ్చింతగా నడిపాను. ఆయిల్ ఎంత గట్టిగా తోసుకొస్తోందో గేజు చెబుతుంది, ఎంత శుభ్రంగా వస్తోందో దానికి తెలియదు. ఫిల్టర్ అడ్డం లేకుండా పోయే ఆయిల్‌కు ప్రెషర్ ఇంకా బాగానే ఉంటుంది.

మామ నాయన పుస్తకం తెమ్మన్నాడు. ఇద్దరం కూర్చుని పేజీలు తిప్పాం. ప్రతి ఫిల్టర్ మార్పు దగ్గరా నాయన మూడు వస్తువులు రాశాడు: ఎలిమెంటు 1, రింగు 1, ఫెల్ట్ వాచరు 1. నేను ఆ పుస్తకాన్ని ఎన్నోసార్లు చూశాను, ఆ అక్షరాల కోసం. ఆ మూడో వస్తువు ఏమిటని ఎప్పుడూ అడగలేదు.

ఫిల్టర్ వెతకడానికి ముందు బేరింగులు చూడాలన్నాడు మామ. మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చి దగ్గరుండి చాంబర్ దింపించాడు. ఈ ఇంజిన్ ఇంగ్లండ్ బీఎంసీ కంపెనీ వాళ్ల బీ-సిరీస్ రకం, 1489 సీసీ. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ మొదట ఇదే ఇంజిన్. క్రాంకుకు మెయిన్ బేరింగులు మూడే ఉంటాయి. మధ్యది విప్పి చూశాం. సన్నటి గీతలు పడ్డాయి. మామ గోటితో అడ్డంగా గీకి చూసి, "గోరుకు తగల్లేదు. బతికిపోయినావు" అన్నాడు. తట్ట అడుగు మెరుపులో పాత స్పీకరు అయస్కాంతం తిప్పితే కొంత అంటుకుంది, కొంత అంటుకోలేదు. అంటుకున్నది రింగుల, బోరు ఇనుము. అంటుకోనిది బేరింగుల మెత్తటి లోహం, లేదా పిస్టన్ అల్యూమినియం. మెత్తటి బేరింగు లోహంలో గట్టి రేణువు ఒకటి దిగబడితే అది అక్కడే కూర్చుని క్రాంకును గీకుతూనే ఉంటుందని మామ చెప్పాడు.

స్ప్రింగు, ప్లేటు కొత్తవి అనంతపురంలో ఏ అంగట్లోనూ దొరకలేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. టవర్ క్లాక్ చుట్టుపక్కల తిరిగి అడిగితే, ఇంజిన్ సామాన్లు చెప్పండి ఉన్నాయి గానీ ఫిల్టర్ కప్పులోని చిల్లర సామాన్లు ఎవరు పెట్టుకుంటారన్నారు. చివరికి గుజిరి అంగట్లో దొరికాయి. విప్పి పారేసిన ఒక పాత టాక్సీ ఇంజిన్‌కు కప్పు అట్లనే వేలాడుతోంది. కప్పు మొత్తం 300 రూపాయలకు కొన్నాను. లోపల స్ప్రింగు, ప్లేటు, బోల్టు మీద క్లిప్పు అన్నీ ఉన్నాయి. ఫెల్ట్ వాచరు మాత్రం బిస్కెట్టులాగా విరిగిపోయింది. కిరసనాయిల్‌లో రెండు రోజులు నానబెట్టి కడిగితే స్ప్రింగు కొత్తదానిలా వచ్చింది.

ఇక అసలు సంగతి, ఎలిమెంటు.

మొదటి అంగట్లో అంబాసిడర్ ఫిల్టర్ అనగానే పెట్రోలా, డీజిలా, ఇసుజు ఇంజినా అని అడిగారు. అడగడమే మంచిదైంది. ఒకే పేరుతో నడిచిన ఈ బండికి కాలాన్ని బట్టి వేర్వేరు ఇంజిన్లు వచ్చాయి. 1990ల్లో వచ్చిన ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ ఫిల్టర్ మా బండికి పనికిరాదు. అయితే పాత పెట్రోల్‌కని చెప్పి వాళ్లు ఇచ్చిన మూడు పెట్టెల్లో మూడు రకాల ఎలిమెంట్లు ఉన్నాయి. మూడింటి మీదా 'అంబాసిడర్' అనే ఉంది. నేను సన్నటి కొలతలు తీసే వర్నియర్ వెంట తీసుకుపోయాను. మా పాత ఎలిమెంటుకన్నా ఒకటి 3 మిల్లీమీటర్లు పొట్టి, ఒకటి నడిమి రంధ్రం పెద్దది, మూడోది కొలతకు సరిపోయింది గానీ మడతలు ఒకపక్క దట్టంగా, ఇంకోపక్క పలచగా ఉన్నాయి. 3 మిల్లీమీటర్లు ఏం లెక్క అనిపిస్తుంది. స్ప్రింగు మంచిదైతే ఆ పొట్టితనాన్ని కొంత సర్దుకుంటుంది కూడా. రంధ్రం పెద్దదైతే మాత్రం ఏ స్ప్రింగూ చేయగలిగింది లేదు, బోల్టు చుట్టూ ఖాళీలోంచి ఆయిల్ దర్జాగా పోతుంది. మూడూ కొన్నాను. పరీక్ష చేయడానికి ఎట్లాగూ కావాలి.

మా చిన్నాన్న కొడుకు కారు విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాడు. ఫోన్ చేసి, ఒక పెట్టె మీద '10 మైక్రాన్' (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అని ఉంది, ఇదే మంచిదా అని అడిగాను.

"ఎంత శాతమో రాశాడా అన్నా?"

"లేదు."

"అట్లయితే ఆ నంబరుకు అర్థం లేదు. 10 మైక్రాన్ల రేణువులు నూటికి 50 ఆపినా 10 మైక్రానే అంటారు, 99 ఆపినా 10 మైక్రానే అంటారు."

వాడు బీటా అనే లెక్క చెప్పాడు. ఒక సైజు, అంతకన్నా పెద్ద రేణువులు ఫిల్టర్‌కు ముందు ఎన్ని ఉన్నాయి, దాటిన తర్వాత ఎన్ని ఉన్నాయి అనేదాని నిష్పత్తి అది. బీటా 2 అంటే సగమే ఆగాయి. బీటా 75 అంటే 75 రేణువులు వస్తే ఒకటి దాటింది, అంటే 98.7 శాతం ఆగాయి. ఇంజిన్ ఆయిల్ ఫిల్టర్లను ఇట్లా పరీక్షించడానికి ఐఎస్ఓ 4548-12 అనే ప్రమాణం ఉంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపులో ఉంటుంది. నడుస్తున్న బేరింగులో ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. కంటికి కనబడని దుమ్మే ఎక్కువ చేటు చేస్తుందని వాడి మాటల్లో నాకు అర్థమైంది. కానీ పాత అంబాసిడర్ ఎలిమెంటు పెట్టె మీద బీటా ఎవరూ అచ్చువేయరు. మనం కళ్లతో, చేతులతో చూసుకోవాల్సిందే.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని నేను రాసిపెట్టుకున్నాను. కాగితం ఎంత సన్నగా వడగడితే అంత మంచిదనుకుని, మడతలు తక్కువున్న సన్న కాగితం ఎలిమెంటు వేస్తే అది తొందరగా పూడుకుపోతుంది. పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా పోకూడదని ఫిల్టర్ హెడ్‌లో బైపాస్ వాల్వు పెడతారు. అది తెరుచుకుంటే వడకట్టని ఆయిలే లోపలికి పోతుంది. ఎండిపోవడం కన్నా మురికి ఆయిల్ మేలు కాబట్టి ఆ ఏర్పాటు సరైనదే. కానీ రోజూ అదే జరిగితే ఫిల్టర్ ఉండీ లేనట్టే. అందుకే కాగితం సన్నదనం ఎంత ముఖ్యమో, మొత్తం కాగితం ఎంత ఉందనేది కూడా అంతే ముఖ్యం. మడతలు లెక్కపెట్టు అన్నాడు.

ఇంటికొచ్చి మూడు ఎలిమెంట్ల మడతలూ లెక్కపెట్టాను. చవకదానికి 38, మిగతా రెండిటికీ 50 పైన. మూడింటినీ పాత ఆయిల్‌లో వేసి, కట్టెల పొయ్యి నిప్పుల పక్కన వేడి తగిలేట్టు రాత్రంతా ఉంచాను. (మంట మీద పెట్టకూడదు, ఆయిల్ అంటుకుంటే ప్రమాదం.) పొద్దున తీస్తే చవకదాని మడతలు మెత్తబడి నాలుగైదు కలిసి ముద్దగా అతుక్కున్నాయి. ఒక కొస మూత దగ్గర బంక వదిలి వేలు దూరేంత సందు పడింది. మంచి ఎలిమెంటు కాగితానికి రెసిన్ పట్టించి కాలుస్తారు, వేడి ఆయిల్‌లో కూడా బిరుసుగా నిలబడటానికి. ఇది చేతికి తడిసిన పేపరులా తగిలింది. ఇట్లాంటిది ఎవరి బండిలో ఉన్నా వాళ్లకు తెలిసే దారి లేదు. అంగట్లో అమ్మేవాళ్లకూ తెలియకపోవచ్చు. నాకు చాలా కోపం వచ్చింది.

ఇక్కడ దొరకనిది బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతుందని అందరూ అంటారు. 210 కిలోమీటర్లే కదా అని రైలెక్కి పోయాను. పాత బండ్ల సామాన్లకు ఆ రోడ్డులో ఇప్పటికీ మనసుపెట్టి వెతికే అంగళ్లున్నాయి. ఒక పెద్దాయన ఎలిమెంటు కొలత చూడగానే మేడ మీదికి మనిషిని పంపి దుమ్ముపట్టిన పెట్టె ఒకటి తెప్పించాడు. రంగు వెలిసిన అట్ట, మీద పాత అచ్చు, ఎనభైల నాటి ఒరిజినల్ స్టాకు. చేతిలోకి తీసుకుంటే నాయన కాలం చేతికొచ్చినట్టుంది. అడిగిన ధర ఇచ్చేసి తెచ్చుకున్నాను. ఇంకో రెండు అంగళ్లు తిరిగి, పేరున్న కంపెనీ ఇప్పటికీ చేస్తున్న ఎలిమెంటు కూడా రెండు కొన్నాను. ఒక్కొక్కటి 180 రూపాయలు. తయారీ నెల, సంవత్సరం పెట్టె మీదే ఉన్నాయి.

మామ ముందర రెండూ పెట్టినప్పుడు నేను పాతదాన్నే ముందుకు జరిపాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా పిండాడు. కరకరమంది. మూత అంచున బొటనవేలితో నొక్కితే బంక పొడిపొడిగా రాలింది. పెట్టెలోని రబ్బరు రింగును సాగదీయబోతే రెండు ముక్కలైంది.

"నలభై ఏండ్ల రబ్బరు అల్లుడూ. మనుషులం మనమే ఎండిపోతాండాం. దీన్ని బీరువాలో పెట్టుకో, బండికి వద్దు."

ఎంత ఒరిజినల్ అయినా బంక, రబ్బరు, కాగితం ఏళ్ల తరబడి గట్టిగా ఉండవు. పాత బండ్లను ప్రేమించేవాళ్లం ఆ పాత పెట్టె చూడగానే కరిగిపోతాం. దాన్ని నేను దాచుకున్నాను, ఇంజిన్‌లో వేయలేదు.

మధ్యలో ఒక రోజు ఇంకో ఆలోచన కూడా నడిచింది. లేత్ పనివాడొకడు, ఈ కప్పు బాధంతా ఎందుకు సార్, అడాప్టర్ తిప్పి ఇస్తా, మారుతి డబ్బా ఫిల్టర్ లాంటిది వేసుకోండి అన్నాడు. మాట సబబుగానే ఉంది. బయటి దేశాల్లో బీ-సిరీస్ ఇంజిన్లకు అట్లాంటి అడాప్టర్లు అమ్ముతారు, ఎంజీబీ కారుకు తర్వాతి కాలంలో కంపెనీయే డబ్బా ఫిల్టర్ పెట్టింది. వాడి దగ్గర తయారుగా ఉన్న అడాప్టర్ మర 3/4 అంగుళం, అంగుళానికి 16 చుట్లు. చేతిలో ఉన్న డబ్బా మర 20 మిల్లీమీటర్లు, పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. ఎక్కించి చూపించాడు. ఎక్కింది కూడా. నేను డబ్బాను అటూ ఇటూ ఊపితే కదిలింది. 3/4 అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. దాదాపు మిల్లీమీటరు తేడా, చుట్ల దూరం కూడా వేరు. మర పట్టినట్టు కనబడుతుంది, నిజానికి అంచులే ఆనుకుంటాయి. 50 పీఎస్‌ఐ మీద అది ఊడితే ఇంజిన్‌లోని నాలుగు లీటర్ల ఆయిల్ నిమిషంలోపు రోడ్డు పాలు. పైగా అడాప్టర్‌తో డబ్బా పక్కకు తిరిగి గానీ తలకిందులుగా గానీ నిలబడితే, ఇంజిన్ ఆపినప్పుడు అందులోని ఆయిల్ కిందికి జారకుండా లోపల రబ్బరు వాల్వు ఉన్న రకమే తీసుకోవాలి. లేకపోతే ప్రతి పొద్దునా స్టార్ట్ చేసినప్పుడు ఫిల్టర్ నిండేదాకా బేరింగులు పొడిగా తిరుగుతాయి. కొలతలన్నీ కుదిరిన అడాప్టర్ దొరికినవాళ్లు వేసుకుంటే తప్పేమీ లేదు. నాకైతే కప్పు, స్ప్రింగు చేతికొచ్చాక దాన్ని మార్చబుద్ధి కాలేదు.

బిగించేరోజు మామ పొద్దున్నే వచ్చాడు. మొదటి పని పాత రబ్బరు రింగు తీయడం. హెడ్‌లోని గాడి పైన ఉంటుంది, కింద పడుకుని చూడాలి. నా కంటికి గాడి ఖాళీగా ఉంది. మామ సంచులు కుట్టే దబ్బనం ఇచ్చి గుచ్చి చూడమన్నాడు. దబ్బనం దిగింది! నల్లగా, ఇనుములా గట్టిపడి గాడి అడుగులో కలిసిపోయిన రింగు అది. ముక్కలు ముక్కలుగా పెకిలిస్తుంటే దాని కింద ఇంకొకటి బయటపడింది. రెండు పాత రింగులు లోపల ఉంచి మూడోది వాటి మీద పెట్టారు. ఇన్నాళ్లూ కప్పు అంచున కారుతూ ఉండిన ఆయిల్ మరక ఎందుకో అప్పుడు తెలిసింది. కారుతోందని కొందరు బోల్టును ఇంకా ఇంకా బిగిస్తారు, దాంతో కప్పు అంచు వంగిపోతుంది. ఈ రకం ఫిల్టర్ ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ఒక్కసారి దబ్బనంతో ఆ గాడి గుచ్చి చూడండి.

ఎలిమెంటు రెండు కొసలూ నిజంగా మూసుకుంటున్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది? బిగించాక లోపలికి చూడలేం. ఫిట్టర్లు దీనికి నీలం రంగు వాడతారట. మామ అమ్మను అడిగి కుంకుమ తెప్పించి, రెండు చుక్కల ఆముదంలో కలిపి, ఎలిమెంటు పై మూత మీదా కింది మూత మీదా పలచగా పూశాడు. కప్పు బిగించి, మళ్లీ విప్పాం. హెడ్ మీద ఎర్రటి గుండ్రం పడింది, కానీ ఒకచోట వేలెడు వెడల్పున తెగింది. అక్కడ పాత బంక చుక్క ఒకటి ఎండి గడ్డకట్టి ఉంది. దాన్ని గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ కుంకుమ పూసి బిగించాం. ఈసారి గుండ్రం ఎక్కడా తెగలేదు. కింద ఫెల్ట్ వాచరు మీద కూడా నిండుగా పడింది. ఆ వాచరు మామ ఎక్కడో దాచిపెట్టిన మందపాటి ఫెల్ట్ ముక్కను కత్తిరించి చేసినది. ఇంతే బిగువైన ముక్క ఉండాలి, మామూలు ఉన్ని గుడ్డ పీచు వదులుతుంది, ఆ పీచు ఆయిల్ రంధ్రాల్లోకి పోతుంది అన్నాడు.

కుంకుమ శుభ్రంగా తుడిచి, కప్పులో కొత్త 20డబ్ల్యూ-50 ఆయిల్ సగందాకా పోసి బిగించాం. తర్వాత కాయిల్ వైరు పీకేసి, ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ మాత్రం కొట్టమన్నాడు. పది సెకన్లు కొట్టడం, ఆపడం. నా కళ్లు గేజు మీదే ఉన్నాయి. నాలుగోసారికి ముల్లు కదిలింది. అప్పుడు వైరు పెట్టి స్టార్ట్ చేశాం. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కప్పు అంచు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూశాను, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ తుడిచాను, పెన్నహోబిలం దాకా పోయొచ్చాక ఇంకోసారి తుడిచాను. గుడ్డ తెల్లగానే వచ్చింది.

ఒక్క మాట పక్కదారిలో చెప్పాలి. మా జిల్లా దుమ్ము సంగతి మీకు తెలుసు. ఎండాకాలం కూడేరు రోడ్డు పక్క పొలాల్లో సుడిగాలి లేస్తే బండి అద్దాలు కనబడవు. ఆయిల్‌లో చేరే మట్టిలో ఎక్కువ భాగం గాలి ఫిల్టర్ దారిన లోపలికి వచ్చేదే. అది వదులుగా ఉంటే ఎంత గొప్ప ఆయిల్ ఫిల్టర్ అయినా ఎన్నాళ్లని మోస్తుంది? అందుకే అదే వారంలో కార్బొరేటర్ మీది గాలి ఫిల్టర్ రబ్బరు కూడా మార్పించాను.

తర్వాత 1,000 కిలోమీటర్లకు మళ్లీ ఆయిల్ మార్చాను. ఇంజిన్ కొత్తది కాబట్టి తొందరగా మార్చమని మామ చెప్పాడు, ఇకమీదట 3,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అది. అంతకుముందు నాలుగు రోజులు నాకు ఒకటే టెన్షన్. తట్టలో ఆయిల్ గోధుమ రంగులో ఉంది, అడుగున మెరుపు వెతికినా దొరకలేదు. ఎలిమెంటు తీసి పాత పేపరు మీద పెట్టి బ్లేడుతో మడతలు కోసి పరిచాం. ప్రతి మడత సందులో నల్లటి మసి, దాంట్లో సన్నటి వెండి చుక్కలు. పోయినసారి చాంబర్ అడుగున చూసిన మెరుపు ఈసారి కాగితంలో ఉంది. నేను ఆ పేపరును మామ చేతికిచ్చాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు.

సాయంత్రం బండి గూట్లోంచి నాయన పుస్తకం తీసి, ఆయన చివరిగా రాసిన వరుస కింద తారీకు, కిలోమీటర్లు వేసి రాశాను: ఎలిమెంటు 1, రింగు 1, ఫెల్ట్ వాచరు 1. పెన్సిల్‌తోనే రాశాను.